దండెం మీది బట్టలు

ఎండ ఎదుటి ప్రహరీ మీదికి ఎక్కేసింది. ఇంకాసేపట్లో ఫిన్నీ ఫోన్ చేస్తాడు. చేస్తే ముందు వాళ్ళమ్మకే చేస్తాడు, ఆ తర్వాతే నాకు, పెళ్ళైన దగ్గర్నుంచీ అదే వరస, దాని మీద నేనెన్నిసార్లు మూతి ముడుచుకున్నానో లెక్కలేదు, ఇవాళ మాత్రం ఆ వరసే నన్ను భయపెడుతోంది. ఎందుకంటే వాళ్ళమ్మ ఫోను లోపల ఎస్సైగారి బల్ల మీద ఉంది. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు సువార్తమ్మ, ఆ బల్లకి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. నేను స్టేషన్ వరండాలో సిమెంటు అరుగు మీద, ఆవిడ బీపీ మాత్రలూ నీళ్ళ సీసా ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫిన్నీ సరిహద్దులో సిపాయి. ఆవిడ చేసిన నేరం ప్రార్థన. ఎవర్నో కొట్టింది కాదు, ఎవరి సొమ్మో తిన్నదీ కాదు, కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడింది, అంతే, అందుకు పోలీసు జీపు మా ఇంటి ముందుకొచ్చి ఆగింది. మధ్యాహ్నం నుంచీ ఇదే మాట నా బుర్రలో గిరగిరా తిరుగుతోంది, ఎన్నిసార్లు తిరిగినా నమ్మబుద్ధి కావడం లేదు.

మా అత్తగారి ప్రార్థన సంగతి మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు. ఆవిడ మొదలుపెడితే పొయ్యి మీద కూర మాడిపోవలసిందే. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నా సరే, ముందు కొంగు తల మీదికి లాక్కోవాలి, కళ్ళు మూయాలి, అప్పుడే గుక్క. కొంగు తల మీద లేకుండా ఆవిడ దేవుడితో ఒక్క మాట మాట్లాడదు. నాకేమో చర్చిలో తప్ప చున్నీ తల మీదికి పోదు, అందుకు ఆవిడ అననూ లేదు, నేను వినిపించుకోనూ లేదు, చూపులతోనే సరిపోయేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళంతా మనవులు చెప్పుకుంటారు, ఫలానా వాళ్ళకి జ్వరం, ఫలానా పిల్లకి పరీక్ష, ఒక్కొక్క మనవీ ఒక్కొక్కరు తీసుకుని పైకి ప్రార్థిస్తారు. ఎవరిదైనా బయటికి చెప్పుకోలేని కష్టమైతే పేరు చెప్పరు, ఒక సహోదరి మనవి, ఒక సహోదరుని మనవి అంటారు, అంతే, ఎవరిదని ఎవరూ అడగరు, అడగడం తప్పు. మా ఊళ్ళో తాగుబోతు మొగుళ్ళ సంగతులన్నీ అలాగే దేవుడి దాకా వెళ్ళాయి. అయితే ఈమధ్య మైకుసెట్టు చూసే సత్యప్రసాద్ ఉపవాస ప్రార్థన కూడా ఫోన్లో లైవ్ పెడుతున్నాడు, గల్ఫులో ఉన్న ఆడపిల్లలు చూస్తారని. మంచికే పెట్టాడు పాపం. ముందు స్టాండుకి బిగించిన ఫోను ఉందని మా అత్తగారికి తెలుసు, కళ్ళు మూసుకున్నాక ఆవిడకి దేవుడు తప్ప ఎవరూ ఉండరు, అదీ వచ్చిన చిక్కు.

మొన్న శుక్రవారం ఆవిడ చేసిన ప్రార్థన లైవులోంచి ఒక ముక్క కత్తిరించి ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. నిన్న స్కూల్లో స్టాఫ్ రూములో నా పక్క టీచరే చూపించింది, చూపించి నా మొహం వంక చూడకుండా టీ తాగింది. అందులో మా అత్తగారు కొంగు తల మీద వేసుకుని, చేతులు చాపి, మెల్లగా అంటోంది. "ప్రేమగల తండ్రీ, ఒక సహోదరుని మనవి నీ పాదాల దగ్గర పెడుతున్నాం. సరిహద్దు అవతల కొండ వాలులో ఒక ఇల్లుంది ప్రభువా. ఆ ఇంటి దండెం మీద ఆరేసిన బట్టలు, యుద్ధం అయిన దగ్గర్నుంచీ ఎవరూ తియ్యట్లేదంట. చంటిపిల్లల బట్టలు కూడా ఉన్నాయి తండ్రీ. ఆ తల్లి ఎక్కడున్నా క్షేమంగా తీసుకొచ్చి, ఆవిడ చేతుల్తోనే ఆ బట్టలు తీయించు. ఒక్క రాకెట్టు ఖరీదుతో మా ఊరికి సముద్రం గోడ వచ్చేదంట, పాలించేవాళ్ళకి ఆ బుద్ధి దయచెయ్యి. ఇటు బిడ్డల్నీ అటు బిడ్డల్నీ ఒక్క రెక్క కింద దాచు." అక్కడితో ముక్క అయిపోయింది. కింద ఎర్రటి అక్షరాలతో దేశద్రోహి అని రాసి, పక్కన కోపంగా ఉన్న బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మల పక్కనే మా అత్తగారి మూసిన కళ్ళు.

రాకెట్టు సంగతి టీవీ వాళ్ళే చెప్పారు, ఆవిడ పుట్టించింది కాదు. యుద్ధం జరిగినన్నాళ్ళూ టీవీ పెట్టి ఉంచింది ఆవిడ, కొడుకు మొహం ఎక్కడైనా కనబడుతుందేమోనని, వాళ్ళేమో పెళ్ళికొడుకు కారు చూపించినట్టు ఒక్కొక్క రాకెట్టునీ అటు తిప్పి ఇటు తిప్పి చూపించి ఖరీదు ఇంత అని గర్వంగా చెప్పారు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "అమ్మాయ్, అది గోడకి సరిపోద్దా?" అని అడిగింది. సరిపోయి మిగులుతుందండి అన్నాను. ఉప్పాడలో మా ఇల్లు సముద్రానికి మూడో వరసలో ఉండేది, ఫిన్నీ చిన్నప్పుడు సముద్రం చూడాలంటే నడిచి వెళ్ళాలట, నేను కాపురానికొచ్చేసరికి కూర్చున్న చోటికే నురుగు వచ్చేది. ముందు బాత్రూం పోయింది, ఆనక వంటిల్లు, ఆనక పక్కనున్న తులసమ్మగారింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న బోరు పంపు. రాళ్ళు పోయిస్తాం అన్నవాళ్ళు కార్లు దిగి ఫొటోలు దిగి వెళ్ళారు, ప్రతి ఎన్నికకీ ఒకసారి గోడ కొలిచారు, ఆ కొలిచిన గీత కూడా ఇప్పుడు నీళ్ళలోనే ఉంది. ఇప్పుడు పక్కనే కొత్తపల్లిలో అద్దెకి ఉంటున్నాం. యుద్ధానికి మాత్రం నిధుల్లేవనీ, ఫైలు పై ఆఫీసులో ఉందనీ ఎవరూ అనలేదు, పొద్దున అనుకుని సాయంత్రానికి మొదలుపెట్టేశారు.

ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను నేను. ప్రాథమిక హక్కులు. వాక్ స్వాతంత్ర్యం, మత స్వాతంత్ర్యం, పెద్ద ప్రశ్న, తప్పకుండా వస్తుంది, నేర్చుకోండర్రా అని పిల్లల చేత బట్టీ పెట్టించాను. జీపు వచ్చినప్పుడు అదే ధైర్యంతో, "నోటీసు ఇవ్వండి, చదువుకుని వస్తాం" అన్నాను. "నోటీసు దేనికండి, రెండు మాటలు మాట్లాడి పంపించేస్తాం కదండీ" అన్నాడు వచ్చినాయన. మా జిల్లాల మర్యాద ఎక్కడికీ పోదు, "సహకరించకపోతే దేశద్రోహం కేసవుద్దండి" అని చివర అండి చేర్చి మరీ చెప్పాడు. ఫోను ఇలా ఇవ్వండమ్మా అన్నాడు, ఆవిడ ఇచ్చేసింది, పాస్‌వర్డ్ అంటే ఏంటో కూడా ఆవిడకి తెలీదు, ఆ ఫోనుకి తాళమే లేదు. ఆడమనిషిని ఎక్కించుకోవడానికి జీపులో ఆడ కానిస్టేబుల్ లేదని మమ్మల్ని ఆటోలో రమ్మన్నారు. ముందు జీపు, వెనక మేము. వీధిలో అందరూ చూశారు, ఒక్కరూ ఏంటమ్మా అని అడగలేదు. మొన్న యుద్ధంలో ఇదే వీధి చివర ఫిన్నీకి ఫ్లెక్సీ కట్టారు, వీర జవాను అని, చుట్టూ నాయకుల మొహాలు ఇంతింత, మధ్యలో ఫిన్నీ మొహం గవ్వంత. గాలికి చిరిగి ఇంకా వేలాడుతోంది, దాని కిందినుంచే ఆటో వెళ్ళింది. అప్పుడు మా అత్తగారు నా చెవి దగ్గరికొచ్చి, "దీవెనమ్మా, ఆ మనవి అబ్బాయిదే" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటో హారన్ కూడా వినబడలేదు. ఫిన్నీ వాళ్ళ కాపలా గుడిసెలోంచి అవతల కొండ కనబడుతుందట, బైనాక్యులర్లో ఆ ఇల్లు కనబడుతుందట. రోజూ పొద్దున్నే ఒకావిడ డాబా మీదికి వచ్చి బట్టలు ఆరేసి, సాయంత్రం తీసుకువెళ్ళేదట, మధ్యలో చంటిదాన్ని చంకనేసుకుని ఎండలో నిలబడేదట. ఏడాది పైగా చూశాడు. ఆవిడ బట్టలు తీసేసిందంటే వాళ్ళ డ్యూటీ మారే వేళయిందని లెక్కట. యుద్ధం మొదలైన రోజు పొద్దున కూడా ఆరేసింది. ఆ సాయంత్రం తియ్యలేదు. యుద్ధం ఆగిపోయింది, మనం గెలిచాం అన్నారు, వాళ్ళూ గెలిచామన్నారు, బట్టలు మాత్రం అలాగే ఉన్నాయట, వాన పడినా అలాగే, ఎండినా అలాగే. "ఫిరంగి దగ్గర నేనే ఉన్నానమ్మా" అన్నాడట. అవతల ఏముందో చెప్పాడని తెలిస్తే ఉద్యోగం ఊడటంతో పోదు, కోర్టు పెడతారు, జైలు. అందుకే పేరు చెప్పకుండా మనవి పెట్టమన్నాడు వాళ్ళమ్మని. నాతో ఏం చెప్పాడో తెలుసా, ఆ రోజుల్లోనే, అంతా బాగుంది, తిన్నావా, స్కూలుకి సెలవులిచ్చారా. మూడు ముక్కలు. నేను తిన్నానండి అన్నాను. మనసులో ఫిన్నీ అనుకుంటాను, నోటితో ఏవండీ అంటాను, ఆ రెంటి మధ్యా ఇంత పెద్ద కొండ ఉందని నాకు తెలీదు. కోపం వచ్చింది నిజంగా. ఆటోలోనే, పోలీసు జీపు వెనక వెళుతూ కూడా, నాకెందుకు చెప్పలేదు అనే కోపం ముందు వచ్చింది, భయం ఆ తర్వాత వచ్చింది.

"ఎవరు చెప్పారో అడుగుతారండి మిమ్మల్ని, ఏం చెబుతారు" అన్నాను. "మనవి ఎవరిదో చెప్పకూడదు కదమ్మా" అంది, అదేదో స్టేషన్ వాళ్ళు కూడా పాటించే నియమం అయినట్టు.

ఫిన్నీకి మెసేజ్ పెట్టాను. ముందు అంతా రాశాను, చెరిపేశాను, ఈ ఫోను కూడా లాక్కుంటే? అత్తయ్యగారికి ఒంట్లో బాలేదు, ఆవిడకి ఫోన్ చెయ్యకండి, నాకు చెయ్యండి అని పెట్టాను. ఒకటే టిక్కు. గంట నుంచీ ఒకటే టిక్కు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదు అంటోంది ఆ అమ్మాయి గొంతు, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. డ్యూటీ దిగి, టీ తాగి, సిగ్నల్ దొరికే బండరాయి దాకా నడిచి వచ్చాకే ఆయన ఫోను బతుకుతుంది, బతకగానే వాళ్ళమ్మకి చేస్తాడు, నా మెసేజ్ చూడడు, చూసేవాడే కాదు ఎప్పుడూ. ఆవిడ ఎత్తగానే హలో కూడా అనడు, స్తోత్రం అమ్మా అని, వెంటనే మొదలుపెడతాడు. తండ్రీ, నాకు ప్రార్థన సరిగ్గా రాదు, ఇవాళ ఒక్కరోజు ఆ బండరాయి దగ్గర సిగ్నల్ లేకుండా చెయ్యి. ఇది కూడా ఒక ప్రార్థనేనా, ఏమో. చున్నీ భుజం మీదే ఉంది.

కానిస్టేబుల్ నాగదుర్గ రెండోసారి వరండాలోకి వచ్చింది. వాళ్ళ పాప మా స్కూల్లోనే, నా క్లాసే, మధ్యాహ్నం నుంచీ ఆమె నన్ను చూసినప్పుడల్లా తల వంచుకుంటోంది. "టీ తాగుతారా మేడం" అంది. వద్దండి, పొద్దుగూకాక ఆడవాళ్ళని స్టేషన్లో ఉంచకూడదు కదా అన్నాను. "మీకు తెలుసు, నాకు తెలుసు మేడం" అంది. మా అత్తగారి ఫోను ఒక్కసారి ఇప్పించండి, ఆపేసి ఇచ్చేస్తాను అనబోయాను, గొంతు దాకా వచ్చింది, ఎందుకు ఆపాలి అంటే? అడిగానంటే అందులో ఏదో ఉందని నేనే చూపించినట్టు. మింగేశాను. ఇదే నాగదుర్గ మొన్న యుద్ధం రోజుల్లో సైరన్ మోగినప్పుడు మా వీధిలోకొచ్చి లైట్లు ఆపండి, ఆపండి, మాక్ డ్రిల్ అని అరిచింది. కరెంటు అంతకు ముందే పోయి ఉంది. అందరం చీకట్లో గడపల మీద కూర్చుని పకపకా నవ్వాం. అవతల వాళ్ళ విమానం ఉప్పాడ దాకా ఎందుకొస్తుంది, ఇక్కడ కూల్చడానికి ఏం మిగిల్చింది సముద్రం అని నేనే అన్నాను, నాగదుర్గ కూడా నవ్వింది. ఇప్పుడా మాట కూడా ఎవరైనా ఫోన్లో పట్టుకుని ఉంటే నేను కూడా లోపలే ఉండేదాన్ని.

కిటికీ తలుపు ఒకటి ఊడిపోయి ఉంది, లోపలి మాటలు వినబడుతున్నాయి. ఎస్సైగారి గొంతు పెద్దది కాదు, అరవడు, అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. "సిపాయి తల్లి అయ్యుండి ఇలాగా చేసేది? మీ అబ్బాయి చెప్పాడా ఈ బట్టల సంగతి? చెబితే చెప్పండమ్మా, ఆర్మీ వాళ్ళకి రాస్తాం, వాళ్ళే చూసుకుంటారు." లేదండి అంది మా అత్తగారు. "మరి అవతల నుంచి ఎవరైనా ఫోన్లు చేస్తున్నారా మీకు?" లేదండి. "మరి ఆ కొండ, ఆ ఇల్లు, పిల్లల బట్టలు, మీకెలా తెలుసు?" ఆవిడ తల మీది కొంగు సర్దుకుంది. తుపాను రోజు గుర్తొచ్చింది నాకు. అందర్నీ స్కూల్లోకి తరలించారు, లారీ ఎక్కాక మా అత్తగారు దూకేసి వెనక్కి పరిగెత్తింది, బంగారం మర్చిపోయిందేమో అనుకున్నారు, దండెం మీద బట్టలు తీసుకుని తడుస్తూ వచ్చింది. అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. ఆరేసిన బట్టలు అలా వదిలేసి వస్తే ఇంటికి మళ్ళీ రానట్టే కదమ్మా అంది. ఇల్లు ఎటూ ఆ రాత్రే పోయింది. ఫిన్నీ ఆ సంగతి నాకెందుకు చెప్పలేదో, ఆవిడకే ఎందుకు చెప్పాడో ఇప్పుడు, ఈ అరుగు మీద కూర్చుంటే తెలిసింది. అతనికి బట్టలు తియ్యని ఇల్లు అంటే ఏంటో తెలిసిన మనిషి కావలసి వచ్చింది. నేనయితే ఏం చేసేదాన్ని, మీకెందుకండి అవన్నీ, జాగ్రత్తగా ఉండండి అనేదాన్ని.

"ఒక్క పని చెయ్యండమ్మా" అంటున్నాడు ఎస్సైగారు. "మాకు మీ మీద కోపం లేదు. పైనుంచి ఒత్తిడి. వీడియోలో చెప్పేయండి, అదంతా నేనే కల్పించాను, అబద్ధం చెప్పాను, క్షమించండి అని. ఇంటికెళ్ళిపోండి." నాకు నవ్వొచ్చినంత పనయింది. దేవుడికి అబద్ధం చెప్పానని ఆవిడ చెబుతుందా? ప్రార్థనలో అబద్ధమాడానని? పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియకపోతే వేశానని కూడా అనని మనిషి. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, నాగదుర్గ ఆపలేదు. ఎస్సైగారు తన ఫోను నిలబెట్టి పట్టుకున్నాడు. మా అత్తగారు కాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత తల మీదున్న కొంగు తీసి, భుజం మీదికి జార్చేసి, నడుం దగ్గర దోపుకుంది. ఆవిడ నెరిసిన జుట్టు అంతమంది మగవాళ్ళ ముందు నేనెప్పుడూ చూడలేదు. "నేను చెప్పింది అబద్ధమండి. అక్కడ ఇల్లు లేదు, దండెం లేదు, బట్టల్లేవు. నాకెవరూ చెప్పలేదు. నేనే కల్పించాను. క్షమించండి." ఒక్క చోట కూడా ఆగలేదు. ఆ కొంగు తియ్యడం ఎందుకో ఆ గదిలో ఎవరికీ తెలీదు, కెమెరాకి మొహం బాగా కనబడటానికని అనుకుని ఉంటారు.

"దీవెనగారూ, లోపలికి రండి" అని పిలిచారు. వెళ్ళాను. ఎస్సైగారి మొహం తేలికపడింది, ఆయనకీ ఈ పని నచ్చలేదేమో, కుర్చీ చూపించాడు. "పెద్దావిడని జాగ్రత్తగా చూసుకోండి. లైవులూ గీవులూ వద్దని మీ పాస్టరు అయ్యగారికి కూడా చెప్పండి" అన్నాడు. అలాగేనండి అన్నాను, అన్నిటికీ అలాగేనండి, ఫోను ఇచ్చేయండి సార్, వెళ్ళిపోతాం, ఫోను ఇచ్చేయండి. ఎండ పూర్తిగా పోయింది, ట్యూబులైటు వేశారు. మా అత్తగారికి నీళ్ళ సీసా అందించాను. మూత తీసి తాగేసింది. కొంగు ముట్టుకోలేదు, కళ్ళు మూయలేదు, మామూలు మనిషి తాగినట్టు గటగటా తాగేసింది. ఎస్సైగారు ఫోను తీసి ఇవ్వబోయాడు, ఆయన చేతిలోనే అది మోగింది, మా చర్చిలో పాడే పాట. తెర మీద ఫిన్నీ ఫొటో, యూనిఫాంలో, మంచులో నవ్వుతూ.

ఎస్సైగారు చూసి, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో నిజంగా గౌరవం ఉంది, ఆ సంగతి నేను ఎక్కడైనా చెబుతాను. "మీ జవానా? ఉండండి, నేను కూడా ఒక్క జైహింద్ చెబుతాను ఆయనకి" అని స్పీకర్ నొక్కాడు. "ఏవండీ, మేం స్టేషన్లో" అన్నాను, గట్టిగానే అన్నాను, కానీ అంత దూరం నా మాట వెళ్ళేసరికి ఆయన మాట ఇటు వచ్చేసింది. "స్తోత్రం అమ్మా. అమ్మా, తీశారమ్మా. బట్టలు తీశారు. ఇవాళ పొద్దున చూస్తే దండెం ఖాళీగా ఉంది. ఆవిడే అమ్మా, చేతికి కట్టుంది, చంటిది చంకలోనే ఉంది, నేను బైనాక్యులర్లో చూశాను, నా కళ్ళతో చూశాను. నీ ప్రార్థన విన్నాడమ్మా." ఫిన్నీ ఏడుస్తున్నాడు, లేదా నవ్వుతున్నాడు, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నాగదుర్గ గుమ్మం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎస్సైగారు జైహింద్ అనడానికి తెరిచిన నోరు అలాగే ఉంది, ఆ నవ్వు నెమ్మదిగా పోయింది. రెండో చేత్తో బల్ల మీది తన ఫోను దగ్గరికి లాక్కుని, చూడకుండానే, రికార్డు నొక్కాడు. మా అత్తగారు నడుం దగ్గర దోపిన కొంగు లాగి తల మీద వేసుకుంది, కళ్ళు మూసుకుంది. "స్తోత్రం తండ్రీ" అంది, అందరికీ వినబడేలా. అవతల ఫిన్నీ ఇంకా ఆ ఖాళీ దండెం గురించే చెబుతున్నాడు.